కంకణాల కొండ

తమ్రి దగ్గర కొండ అంచు.
కింద అట్లాంటిక్ రాతిని నములుతోంది.
లహూసిన్ గొంగడి పరుచుకుని
బైనాక్యులర్స్ మీది ఉప్పు తుడిచి
లెక్క మొదలుపెట్టాడు.

అందమా? అబ్బే.
బోడి నెత్తి, మానని గాయంలా ఎరుపు.
మెడ వెనక రేగిన పీచు. కొడవలి ముక్కు.
ఎండ పడనీ, అప్పుడు చూడు:
ఆ నలుపులోంచి పచ్చ, పచ్చ కిందినుంచి వంగపండు రంగు
చేప పొలుసులా జారుతుంది.

ఒకప్పుడు చేపలు పట్టేవాడు. పడవ అమ్మేశాడు.
ఇప్పుడు వేసవంతా పిట్టల తొట్టికి నీళ్లు మోస్తాడు.
"నా కాన్పులప్పుడైనా ఇన్ని బిందెలు మోశావా?"
దెప్పుతూనే ఇజ్జా రొట్టెలు మూటగడుతుంది.

ఆర్గాన్ పొదల పక్కన ఒకటి
ఇసుకలోకి ముక్కు దించి తేలును లాగింది.
కాలికి పసుపు రింగు.
మా భాషలో ఈ జాతి పేరు కంకణం,
చేతికి కట్టుకునేదీ అదే, అన్నాను.
అతను నవ్వి ముంజేయి తిప్పి చూపించాడు:
వల తాడు కోసిన పాత మచ్చ, చుట్టూరా.

గూటికి చేరిన జంట
తలలు వెనక్కి విరిచి, ముందుకు వంగి
ఒకదానికొకటి దండాలు పెట్టుకుంటున్నాయి.

నలభై ఒకటి, అన్నాడు.
నిన్న నలభై రెండు.

పొగమంచు పైకెక్కుతోంది.
మేం లేవలేదు.