ఏడు నుంచి తొమ్మిది దాకా

బస్సు ఒక స్టాప్ ముందే దిగుతున్న ఇప్పుడు.
మూసాపేట మూల మీద వైన్స్ ట్యూబులైట్లు
వెలిగే యాళ్లకు
నేను వెనక గల్లీల, మోరీ పక్కపొంటి,
బాకీ ఉన్నోని లెక్క తల వంచుకొని పోతుంట.

లేత్ మిషన్ కాడ పగలంతా బాగనే ఉంటది.
ఇనుప పొట్టు రాలుతుంటే దేని యాది రాదు.
ఆరున్నరకు సైరన్ మోగినంక
సబ్బుతోని చేతులు కడుక్కుంటనా,
గప్పుడు మొదలైతది.
నోరు కాదు, చెయ్యే అడుగుతది ముందు.
వేళ్లు వాటంతటవే గుండ్రంగ ముడుసుకుంటయి
గ్లాసు లేకున్నా.

లచ్చుబాయి కర్రీ పాయింట్ వెనక
బోర్లేసిన పెయింట్ డబ్బా నా సీటు.
"ఊకె కూసుంటవేంది, ఎల్లిగడ్డ వలువు"
అన్నది మొదటి రోజు.
అంతకు మించి ఏం అడగలే.
ఏడు నుంచి తొమ్మిది దాకా రెండు కిలోలు,
గోటి సందులల్ల మంట.
పప్పుచారు కవర్లకు దారం చుట్టే యూసుఫ్ గాడు
నన్ను చూసి నవ్వుతడు,
"అంకుల్, పొట్టుతోనే ఏసినవ్."

ఐతారం ఆమె బంద్.
ఆ పూట ట్యాంకర్ రాంగనే
గల్లీల అందరి బిందెలు మోస్త
మూడో అంతస్తు దాకా, ఎవరు అడగకున్నా.

భిక్షపతి ఫోన్ జేస్తడు.
వెనక పర్మిట్ రూం లొల్లి,
పల్లీలు వేగిన వాసన ఫోన్లకెల్లి వస్తదంటే నమ్ముతరా.
కట్ చెయ్యలేని రోజొకటి ఉండె.
ఇరవై మూడో దినం.
గందుకే ఇయ్యాల నలభై ఒకటి కాదు,
పద్దెనిమిది.
పాలపాకెట్ల లెక్క కింద
సన్నగ రాసుకున్న, పెన్సిల్ తోని.

మొన్న డ్రై డే.
ఊరంతా ఒక్క పూట నాకు సోపతి అయినట్టు
ఎంత నిమ్మళం!
తెల్లారి షట్టర్ లేవకముందే లైన్ చూసి
మళ్ల ఒక్కన్నే అయిన.

తొమ్మిదిన్నరకు తలుపు.
అనసూయ ఇంకా మొఖం దగ్గరికి తెచ్చి ఊపిరి చూస్తది.
పన్నెండేండ్ల అలవాటు, ఆమెది గూడ,
ఊకెనే పోతదా.
నేను నోరు తెరవక ముందు చేతులు చాపుత.
"ఛీ, ఎల్లిగడ్డ" అంటది.
ముక్కు మాత్రం మూసుకోదు.

ఆ తర్వాత నిద్ర రాని గంటలున్నయి,
ఫ్యాను కింద, గోడ దిక్కు తిరిగి.
వాటికి ఇంకా పని దొరకలే.
రేపటి సంది అల్లం గూడ ఇస్తనన్నది లచ్చుబాయి.