అరసున్న

వంటగది బల్ల మీద మ్యాపు పరిచాను.
నాలుగు మూలలకు నాలుగు బరువులు:
ఉప్పు డబ్బా, కళ్ళజోడు పెట్టె,
యెరెమి మాత్రల సీసా, ఒక బీట్‌రూట్.
మడతల దగ్గర చిరిగి చిరిగి
ఒక ఊరు ఊరంతా ఎప్పుడో రాలిపోయింది.
ఫర్వాలేదు, మేం అటు వెళ్ళడం లేదు.

కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం తీసి
దారి వెంట వంపు వంపుకీ ఆనించి పెడుతున్నాను.
కోతమిల్లు దగ్గర బస్సు దిగడం,
చెట్ల మొదళ్ళ మీది ఆకుపచ్చ గీతలు చూసుకుంటూ
నున్నటి బూడిదరంగు బీచ్ మానుల మధ్య నిట్టనిలువుగా ఎక్కడం,
పైన పచ్చికబయలు,
అక్కణ్ణుంచి గట్టు వెంట ఎర్రగీతలు,
చెక్క విడిది, అందులో పులిసిన రై చారు,
ఆపైన నీలం గీతలు పట్టుకుని
నిమ్మళంగా వాగు దాకా దిగి, వంతెన దాటి
మళ్ళీ అదే కోతమిల్లు.
దారం కొసలు రెండూ కలిశాయి. చక్కటి సున్నా.
స్కేలు మీద పెడితే పదమూడు కిలోమీటర్లు.
కాస్త వదులుగా పెడితే పన్నెండే,
కానీ ఆ దొంగలెక్క రేపు నా మోకాలే పట్టేస్తుంది.

మా గోర్ట్సే కొండల్లో బోర్డులు దూరం చెప్పవు,
కాలం చెప్తాయి.
నాలుగున్నర గంటలు. మధ్యరకం.
ఎవరి కాళ్ళతో కొలిచారో!
ఎవడో పాతికేళ్ళవాడై ఉంటాడు,
తనకు మోకాళ్ళున్న సంగతే ఇంకా తెలియనివాడు.
మధ్యరకమంటే దేనికీ దేనికీ మధ్య?
నాకైతే, నిరుటి మోకాలికీ ఈ ఏటి మోకాలికీ.
యెరెమికైతే, గుండె నరంలో తొడిగిన వలగొట్టానికీ
దాన్ని తొడిగిన డాక్టరమ్మ కనుబొమలకీ.
"నడవండి, మితంగా" అందావిడ.
మితం అంటే ఎన్ని మీటర్ల ఎత్తో
అడగాలని ఇద్దరికీ తోచలేదు.

నీలం వైపు నుంచి ఎక్కుదాం, వాలు తక్కువ,
నీ గుండెకు మంచిది, అన్నాను.
నీలం వైపు నుంచి దిగుదాం,
నీ మోకాలికి మంచిది, అన్నాడు.
మెత్తని వాలు ఒక్కటే ఉంది కొండకి.
దానికోసం అరగంట గట్టిగానే పోట్లాడుకున్నాం,
నాది నాకొద్దంటే నాది నాకొద్దని.
టీ చల్లారిపోయింది.

విడిది దాటి కాస్త ముందుకెళ్తే ఒక చోటుంది.
అక్కణ్ణుంచి వెనక్కి తిరిగినా, ముందుకు పోయినా
ఇల్లు అంతే దూరం.
పెన్సిల్‌తో అక్కడ చిన్న చుక్క పెట్టాను.
ఎందుకని అతను అడగలేదు.
కాసేపాగి, పెన్సిల్ తీసుకుని
ఆ చుక్క పక్కన 'ఆపిల్' అని రాశాడు.

అప్పుడు ఫోను. క్లెమెన్స్.
ఏటా వసంతంలో చెట్ల మీది గీతలకు
మళ్ళీ రంగు వేసేది అతనే.
మంచు కరిగినప్పుడు వంతెన కొట్టుకుపోయిందట.
కొత్తది ఆకులు రాలే కాలానికట.
దారంలో ఆ కాస్త ముక్కను
వేలితో పక్కకు తోశాను.
నా సున్నా కాస్తా అరసున్న అయింది,
ఉండి కూడా ఎవరూ పలకని అక్షరం.

"వాగు ఎంత లోతో అడుగు" అన్నాడు యెరెమి.
మోకాలిలోతు, అంది ఫోను.
"ఎవరి మోకాలో అడుగు."
క్లెమెన్స్ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి.
అవతల చాలాసేపు నిశ్శబ్దం, తర్వాత నవ్వు.
నీ నడుము దాకా రాదులే బోగ్నా,
రాళ్ళు మాత్రం జారతాయి,
వాన పడితే సాలమాండర్లు దారికి అడ్డం పడుకుంటాయి,
తొక్కకండి.

జాబితాలో 'తువ్వాలు' అని రాశాను.
అతను ముందు 'రెండు' అని చేర్చాడు.
ఆఖరి బస్సు ఐదూ నలభైకి.
బోర్డు గంటలకు మావి రెండు కలిపాను,
ఆపిల్‌కి పావుగంట,
పోట్లాటకి ఇంకో పావు.
ఎటు నుంచన్నది బస్సు దిగాక చూద్దాం.

రాత్రి సూప్‌లోకని అతను బీట్‌రూట్ తీశాడు.
మ్యాపు మూల గభాల్న చుట్టుకుని లేచింది.
కోతమిల్లు ఎగిరొచ్చి విడిది మీద పడింది.
అలా చూస్తే
మొత్తం దారి బెత్తెడు.