ఎనభై సెకన్లు

వాల్పరైసోలో మా కొండ మీదికి
కర్ర పెట్టె ఎనభై సెకన్లలో ఎక్కుతుంది.
అదే సమయానికి దాని జోడీ దిగుతుంది.
నడిమధ్యలో ఒక్కసారి రెండూ
పాత కోడళ్ళలా ఒకదాన్నొకటి చూసి కిర్రుమంటాయి.

పై గేటు దగ్గర నాణేలు తీసుకునేది నేను.
కిటికీ గదిలో బ్రేకు పట్టేది అనాక్లేతో.
యాభై నాలుగేళ్ళు. ఎడమ చెవి సరిగా వినపడదు.
చదువు ఆరో తరగతిలో ఆగిపోయింది,
మేనమామ పడవలో ఒక మనిషి తక్కువై.

మార్చిలో బళ్ళు తెరిచిన వారం
ఎవరి పిల్లో పెట్టెలో లెక్కల పుస్తకం మరిచిపోయింది.
చాలా రోజులు చూశాం, ఎవరూ రాలేదు.
లోపల ప్రతి వృత్తానికీ కళ్ళూ మీసాలూ గీసి ఉన్నాయి.
అతను మొదట దాన్ని
టీ గ్లాసు కింద పెట్టుకోడానికే వాడాడు.
అబద్ధం ఎందుకు?

తర్వాత ఒక వాన రోజు
ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ లేక
గ్లాసు మరక పడ్డ మూడో పేజీ తెరిచాడు.
"త్రిభుజం ఏదైనా సరే, మూడు కోణాలూ కలిపితే
నూట ఎనభై అంట. ఎందుకని?"
"పుస్తకంలో ఉందిగా" అన్నాను.
"ఉంది. ఎందుకని?"
నా దగ్గర చిల్లర ఉంది గానీ జవాబు లేదు.

ఆ రోజు నుంచి పెట్టె ఆగినప్పుడు ఒక వాక్యం చదివేవాడు.
పెట్టె కదిలాక కళ్ళు తాడు మీద పెట్టి
ఆ ఒక్క వాక్యాన్నే
నోట్లో చెరుకు ముక్కలా తిప్పేవాడు.
మనసు ఎన్ని సెకన్లు నిలిచిందో
గోడ మీద సుద్దతో రాసేవాడు.

మొదటి అంకె పదకొండు.
పన్నెండో సెకనుకి గ్యాస్ బండ గుర్తొచ్చిందట.
తర్వాత పద్నాలుగు. తొమ్మిది. ఇరవై.
ఎదురింట్లో చేపలు వేయించిన మధ్యాహ్నం, నాలుగు.
చెల్లెలు డబ్బు అడిగిన వారం
గోడ మీద ఏమీ లేదు.
"పారిపోయింది" అనేవాడు,
మేకపిల్ల గురించి చెప్పినట్టు.
తిట్టేవాడు కాదు. వెళ్ళి తోలుకొచ్చేవాడు.
ముప్పై ఒకటి. పదహారు. ముప్పై ఎనిమిది.

నేను నవ్వాను, దాచను.
ఈ వయసులో త్రిభుజం నీకు పెన్షన్ ఇస్తుందా అన్నాను.
అతను చెడ్డ చెవి నా వైపు తిప్పాడు.

జులై అంతా మంచు. సముద్రం కనిపించలేదు.
ఆగస్టులో ఒక పొద్దున
ఎవరో దుప్పటి లాగేసినట్టు తెర తొలగింది.
పెట్టె సగం దారిలో ఉంది.
అనాక్లేతో కేక పెట్టాడు,
తాడు తెగిందేమో అని నా గుండె జారింది.

పెట్టె పైకి చేరాక, బ్రేకు బిగించాక,
వణుకుతున్న చేత్తో టికెట్టు వెనక గీశాడు:
కింద వీధి. ఇటు మన పట్టాలు. అటు మెట్లదారి.
కొన మీద మనిద్దరం.
"ఇప్పుడు అది చూడు" అని సముద్రం అంచు చూపించాడు,
వీధికి సరితూగే గీత ఒకటి
మన తల మీదుగా గీసినట్టుంది.
"కింద ఈ మూల ఎంత వంపో
పైన ఈ మూల అంతే వంపు. అటూ అంతే.
మూడూ ఇక్కడికొచ్చి
ఒక్క తిన్నని గీతలో సర్దుకుంటాయి!"

క్యూలో ఉన్న రొట్టెలావిడ
ఇంకా ఎంతసేపని అరిచింది.
అతను కన్ను తుడుచుకుని గంట కొట్టాడు.
ఆ పూట గోడ మీద అంకె వెయ్యలేదు.

ఆ సాయంత్రం గేటు మూశాక, ఎవరూ చూడకుండా
నేనూ ఒక వాక్యం పట్టుకుని కూర్చున్నాను.
ఆరు సెకన్లు.
ఏడో సెకనుకి రొట్టెలావిడ వచ్చేసింది.

వసంతంలో మున్సిపాలిటీ వాళ్ళు గోడకి నీలం వేశారు.
తేమ పట్టిన రోజున
సుద్ద అంకెలు కొన్ని కింది నుంచి తెల్లగా ఉబుకుతాయి.
అతనిప్పుడు పంతొమ్మిదో పేజీలో ఉన్నాడు.
పుస్తకానికి రెండు వందల పన్నెండు పేజీలు.

"ఎప్పటికి అవుతుంది అనాక్లేతో?" అని అడిగాను నిన్న.
ఎడమ వైపు నిలబడి అడిగానేమో,
"ఇదిగో," అన్నాడు, తాడు మీంచి కళ్ళు తీయకుండా,
"సగం దారిలో ఉంది. వచ్చేస్తుంది."