ఆరో రీలు

ఒక్క ప్రింటు, రెండు హాళ్ళు.
పూర్ణా మార్కెట్ వెనక ఆట ఆరున్నరకి,
కంచరపాలెంలో ఏడుంబావుకి.
నడుమ నేనూ నా డొక్కు సైకిలూ,
కేరియరు మీద ట్యూబు రబ్బరుతో బిగించిన రేకు డబ్బా,
డబ్బాలో ఒక హాలుని నవ్వించొచ్చి
ఇంకా వేడి తగ్గని రీలు.

కథ చెప్పాలి కదా.
ఆర్నెల్ల అద్దె బాకీ పడ్డ గుమస్తా
ఇంటాయన మెట్లెక్కే చప్పుడు విని
బియ్యం గోనెలో దూరి మూటైపోతాడు.
ఇంటాయన వచ్చి వచ్చి ఆ మూట మీదే కూర్చుని
ముక్కుపొడుం డబ్బీ తీస్తాడు.
మూత తెరుచుకుంటుంది.
ఐదో రీలు అక్కడితో సరి.

తుమ్ము ఆరో రీల్లో ఉంది.
ఆరో రీలు నా దగ్గరుంది.
నేను జ్ఞానాపురం గేటు దగ్గరున్నాను.
గేటు పడింది.

కిరండూల్ నుంచి ఖనిజం బండి,
వ్యాగను వెనక వ్యాగను, కళ్ళలో ఎర్రదుమ్ము.
యాభై రెండు దాకా లెక్కపెట్టాను, తర్వాత తప్పింది.
అక్కడ తెర తెల్లగా, జనం చీకట్లో,
అందరి ముక్కుల్లోనూ ఒకటే పొడుం.
పదకొండు నిమిషాలు.

ఆపరేటరు గవర్రాజు తర్వాత చెప్పాడు:
ముందు ఈలలు,
ఆనక తిట్లు, నాకూ, సైకిలుకీ, మా అమ్మకీ,
ఆ తర్వాత ఏమీ లేదట.
ఆ ఏమీ లేనితనంలో
నేల టిక్కెట్టువాడెవడో తుమ్మాడట.
హాలు కూలిపోయిందట.
నేను చెమటలు కక్కుకుంటూ చేరేసరికి
గుమస్తా తుమ్మింది రెండో తుమ్ము.
ఎవడూ నవ్వలేదు.

మొన్న మా మనవరాలు జోషిత
అదే బొమ్మ మళ్ళీ తీశారంటూ
మెత్తటి కుర్చీల హాలుకి తీసుకెళ్ళింది.
సముద్రం పక్కనే ఉంది, లోపల ఉప్పు వాసన లేదు.
గుమస్తాకిప్పుడు అద్దె కాదు, లోను బాకీ.
ఇంటాయన పోయి వసూలు ఏజెంటొచ్చాడు.
గోనె పోయి బీన్ బ్యాగొచ్చింది.
పొడుం బదులు అత్తరు స్ప్రే.
తుస్సుమంది, తుమ్మాడు.
రెండు సెకన్లు. చూసుకున్నాను.
నాలుగు గోడలూ కలిసి తుమ్మాయి,
తెల్లటి గింజలు నెమ్మదిగా, ఎంతో అందంగా ఎగిరాయి.
జోషిత పాప్‌కార్న్ ఒలికేలా నవ్వింది.
నాకు గేటు పడలేదు.

అంతా ఇంతేలే అని కాళ్ళు జాపుకున్నాను.
అప్పుడొచ్చింది పనిమనిషి.

పాత బొమ్మలో ఆమె కిసుక్కుమంటుంది,
ఇంటాయన చెంప పగలగొడతాడు, డోలు మోగుతుంది.
పద్నాలుగు వారాలు, రోజూ రెండాటలు
ఆ డోలుకి హాలంతా నవ్వింది.
ఆపరేటరు గది కంతలోంచి నేనూ నవ్వాను.
కొత్తదాంట్లో ఏజెంటు చెయ్యెత్తాడు.
ఆ పిల్ల గాల్లోనే పట్టుకుంది. డోలు లేదు.
"దించండి సార్, నొప్పెడుతుంది," అంది.
కాస్త ఆగి,
"మీకే."

ఇంటికొచ్చేసరికి వరాలు కవ్వళ్ళు తోముతోంది.
ఆ రోజుల్లో డాబాగార్డెన్స్‌లో నాలుగిళ్ళ అంట్లు తోమేది.
ఫ్రీ పాసున్నా ఆ బొమ్మకి రెండోసారి రాలేదు.
ఎందుకని నేనడగలేదు.

"బాగుందేటి?"
"తుమ్ము బాగోలేదు."
"ఆ చెంప సీనుందా?"

యాభై ఏళ్ళు.
నేను తుమ్ము దాచుకున్నాను, తను చెంప దాచుకుంది.

చెప్పాను. చెయ్యెత్తి మరీ చూపించాను.
"పట్టుకుని ఏటన్నాదా పిల్ల?"
అదీ చెప్పాను.
కత్తిపీట దగ్గర చెయ్యాగింది.
కుళాయి బకెట్లోకి ఒక్కో బొట్టూ రాలుతోంది.
పోర్టు వైపు ఓడేదో కూసింది, ఊరుకుంది.
ఈసారి నేను లెక్కపెట్టలేదు.

ముందు ముక్కుపుటాలు కదిలాయి,
తర్వాత భుజాలు,
తర్వాత పొలుసులంటిన చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని
కళ్ళనీళ్ళొచ్చేదాకా.

ఆనక మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ
"టిక్కెట్టెంతేటి?" అంది.