బుక్రా అంటే ముదురుతది

పేరుకు ఎండకాలపు కాయ.
బర్కాల మాత్రం చలికి కాస్తది.
ఎండకాలమొస్తే గిక్కడ
గేటు తాళం గూడ ఒట్టి చేత పట్టలేం.

వచ్చిన మొదటి దినం అర్బాబ్
మడి దిక్కు చెయ్యి చూపి "కూసా" అన్నడు.
కూసోమన్నడనుకొని
గట్టు మీద కూసున్న.
వాళ్లమ్మ ఉమ్ హిలాల్ నవ్వింది, పండ్లు లేని నవ్వు.
ఆ ముసలామె అప్పటికే సగం చూపు మీదున్నది.

నిజం చెప్పాలంటే చెట్టు గూడ గట్లనే.
బీర లెక్క పందిరెక్కది, సొర లెక్క పారది,
ఒక్కతాన కూసుంటది,
గొడుగులసొంటి ఆకులు కప్పుకొని.

జానెడు దాటొద్దన్నది ఆమె.
ముక్కు మీద పువ్వు వాడినా
ఊడకముందే కొయ్యాలన్నది.
ఎవరి జాన?
నాదానికి ఆమెది రెండేళ్లు తక్కువ.
నేను కోసినయి చేత పట్టి, తల అడ్డంగ ఊపేది:
లోపలి గుజ్జు తోడి
బియ్యం, కైమ దూర్చి వండాలె,
గింజ పడ్డదాంట్ల ఏం దూర్తది?
పది దినాలు చూసి చూసి
ఖర్జూరపు ఈనె ఒకటి తెచ్చి
ఆమె చెయ్యి కింద పెట్టి విరిచిన.
అప్పటిసంది అదే మా గజం.

నాకు తెలిసింది గోరు.
మెట్పల్లి అంగడిల బీరకాయకు గోరు గుచ్చితే
"కొంటవా, పొడిచి పోతవా?" అని
అమ్మే ఆమె లేచేది.
గిక్కడ తిట్టేటోళ్లు లేరు.
తెల్లారంగ, మంచు ఆరకముందు,
నూగు గీరకుండ చేతికి పాత సాక్స్ తొడిగి
తొడిమె రెండేళ్లు వదిలి కోస్త.

మాఘంల నా కార్డు అయిపోవచ్చింది.
మెడికల్ కని పొయ్యిన.
నర్సు సూది గుచ్చి
నా లోపల ఏం చూసిందో సీసా మీద రాసుకున్నది.
లేతనా ముదురా చెప్పలే.
రిజల్ట్ అంటే బుక్రా అన్నరు.
తెల్లారి పోతే మళ్ల బుక్రా.
జీతం అడిగితే అర్బాబ్ గూడ గదే మాట,
నాకు అలవాటే.
కాయకు అలవాటు లేదు.
ఒక్క రోజు పొయ్యొస్తనన్నోన్ని
నాలుగో దినం మడిల అడుగు పెట్టిన.

పెద్దాకు లేపి చూస్తే
నా మోచెయ్యంత!
మెరుపు పోయింది, గోరు జారింది.
ఎన్క పిందెలు పచ్చబడి రాలినయి.
ఇగ నా పని అయిపోయిందని
చెట్టు చేతులు దులుపుకున్నది.

ఉమ్ హిలాల్ దాన్ని ఒళ్లె పెట్టుకొని
తలుపు కొట్టినట్టు కొట్టి
"ఎవరు లోపల?" అని వాళ్ల మాటల అడిగింది.
విత్తనానికన్న ఉంచుదామా అన్న.
కోసి చూడమన్నది.
తెల్లటి గింజలు, ఒట్టి పొట్టు.
కూరకు ముదురు,
విత్తనానికి లేత.
ఇద్దరం కాసేపు మాట్లాడలే.
నాకు ముప్పై తొమ్మిది నడుస్తున్నది.

సగం మేక తిన్నది, ఏం అడగకుంట.
సగం నేను చెక్కు తీసి, గింజ గీకి,
చింతపులుసు పోసి పప్పుల వేసిన.
పక్క విల్లా డ్రైవర్ వీర్రాజుది రాజోలు,
"దోసకాయ కాదు, సొరకాయా కాదు,
బాగానే ఉందండీ,
ఇంకాస్త పులుపు పడాల్సింది" అని
రెండుసార్లు పెట్టించుకున్నడు.

భారం దిగినంక చెట్టు
అయిదు దినాలు అలిగింది.
ఆరో నాడు పసుపుపచ్చగ ఒక ఆడపువ్వు,
ఎనుక చిటికెనవేలంత పిందె.

మెడికల్ పాస్ అయ్యిందట, నిన్న ఫోనొచ్చింది.
ఇంకో రెండేండ్లు.
అర్బాబ్ ముందట నిలబడి
పైసలకు ఏ తారీఖో చెప్పుమన్న,
నా నోట్లె నుంచి మొదటిసారి.
ఆయన నా దిక్కు చూసిండు,
ఫోన్ల తారీఖులు చూసిండు.

ఇయ్యాల పొద్దుగాల ఈనె పక్కకు పెట్టి చూసిన.
ఇంకా వేలెడు తక్కువ.
కుర్చీల నుంచి ముసలామె
"బుక్రా?" అన్నది.

"లే," అన్న,
"మాపటికి."