అర

ఊర్త్ నది మీద పొగమంచు ఇంకా లేవకముందే
గిస్లెన్ వచ్చాడు, దుప్పట్లో చుట్టిన తుపాకితో.
పదహారు బోరు. జంట గొట్టాలు.
పోయిన ఏడాది కన్నుమూసిన మేనత్తది.

కుర్చీ చూపిస్తే కూచోలేదు,
చొక్కా గుండీ విప్పి భుజం చూపించాడు.
నేరేడుపండు రంగులో కమిలిన మచ్చ.
"కొత్త తూటాలే, ఖరీదైనవే కొన్నాను.
ఒకసారి మేకపిల్లలా పొడుస్తుంది,
ఇంకోసారి గాడిదలా తంతుంది."
"ఇంకోసారి అంటే, ఏ సారి?"
లెక్కపెట్టలేదట. ఎవరు పెడతారు?

గొట్టాలు ఊడదీసి బోర్లించాను.
అడుగున లియేజ్ పరీక్షశాల ముద్రలు,
రెండు వైపులా ఒకటే అంకె: అరవై ఐదు.
ఇవాళ అంగట్లో దొరికేది డెబ్భై.
మిల్లీమీటర్లలో ఐదు,
చేతిలో అయితే బియ్యపు గింజంత.

దూరితే సరిపోయినట్టే అనుకుంటారు జనం.
దూరుతుంది, నెయ్యి రాసినట్టు దూరుతుంది.
కాల్చని తూటా మూతి ముడుచుకుని ఉంటుంది,
ఆరు మడతలుగా, అలిగినదానిలా.
డెబ్భై అన్నది అలక తీరాక దాని పొడుగు.
నిప్పు తగిలిన క్షణం అది మూతి విప్పాలి,
విప్పడానికి ముందు కాస్త చోటుండాలి.
చోటు లేదా,
చెప్పాల్సింది గొంతులోనే లావెక్కి
చెప్పేవాడి భుజం మీదికే వస్తుంది.

ఇత్తడి కొలకర్ర ఎడమ అరలో వేశాను.
అరవై ఐదు దగ్గర టక్కుమని ఆగింది.
కుడి అరలో వేశాను.
ఆగలేదు. డెబ్భై దాకా పోయింది.
తుడిచి మళ్ళీ వేశాను. అంతే.

అటక మీంచి మా నాన్న చిట్టా దించాను.
పంతొమ్మిది వందల అరవై ఒకటి, నవంబరు:
"ఆల్దెగోంద్ లాంబియోత్. అర పొడిగింపు, కుడి మాత్రం.
రెండోది ఆలుగడ్డలు అమ్మాక."
ఆ కింద ఖాళీ.
అరవై ఏడు దాకా తిప్పాను పేజీలు,
ఆమె ఆలుగడ్డలు అమ్ముడుపోలేదు.

గిస్లెన్ నవ్వబోయి ఆగాడు.
"కుడి జేబులో ఎర్ర తూటాలు,
ఎడమ జేబులో పాతకాలం అట్టవి.
కలిపితే చెయ్యి మీద కొట్టేది.
మేం పిచ్చి అనుకున్నాం."

"రెండోది ఇప్పుడు చెయ్యి, డబ్బు నేనిస్తా."
ఎడమ గొట్టం గోడ కొలిచాను.
లోపల తుప్పు తిన్న గుంటలు, అమ్మవారు పోసిన ముఖంలా.
చెయ్యనన్నాను.
ఇంకో మాట కూడా ఉంది, అది అనలేదు:
అర తవ్వాక మళ్ళీ పరీక్షకి పంపాలి,
మా నాన్న పంపలేదు.
కుడి వైపు ముద్ర ఇప్పటికీ అరవై ఐదే అంటోంది.
ఇనుము మీద మా ఇంటి అబద్ధం అది,
అరవై ఏళ్ళుగా ఎవరినీ చంపకుండా నిలబడింది.

పొట్టి తూటాలు పాతిక కట్టిచ్చాను.
"రెండు జేబుల్లోనూ ఇవే" అన్నాను, "మెత్తటివి."
గుమ్మం దాకా వెళ్ళినవాణ్ణి వెనక్కి పిలిచి
అనాల్సిన మాట అన్నాను.
అతను గొట్టం లోపలికి చూశాడు,
అక్కడేదో కనపడుతుందన్నట్టు చాలాసేపు.
ఏమీ అనలేదు.

శనివారం పొద్దున తలుపు ముందు గోనెసంచి.
ఆలుగడ్డలు. చీటీ లేదు.
సగం అప్పటికే మొలకెత్తి ఉన్నాయి.