అయిదు మార్కుల ప్రశ్న

చేపలరేవులో ఐస్ ఫ్యాక్టరీ లెక్కల గది నాది.
ఒక బల్ల, ఒక ఫ్యాను, గోడంతా చెమ్మ,
కార్బన్ కాగితాల కింద దాచిన తత్వశాస్త్రం పుస్తకం.
దూరవిద్యలో ఎం.ఏ., రెండో ఏడు.
దూరమేమీ లేదు, యూనివర్సిటీ గేటు దాకా ఒక్క బస్సే.

వేట నిషేధం అరవై ఒక్క రోజులు.
మరపడవలన్నీ ఒడ్డెక్కి పొట్టలు చూపిస్తూ పడుకున్నాయి.
ఐసు అడిగేవాడు లేడు కాబట్టి
నాకు చదువుకోడానికి ఒక వేసవి దొరికింది.

మొదట వచ్చింది కుప్ప.
ఒక్కొక్క రేణువే తీసేస్తూ పోతే
ఏ రేణువు దగ్గర కుప్ప, కుప్ప కాకుండా పోతుందని.
పుస్తకం ఇసకతో చెప్పింది. నాకు ఐసు తెలుసు.
గేటు దాటేటప్పుడు బ్లాకు.
తోపుడుబండి మీద బ్లాకు. జెట్టీ మీదా బ్లాకే.
పడవలోకి దించేసరికి
సగం ఎత్తిన కుర్రాడి చొక్కాలో ఉంటుంది.
నా రిజిస్టర్లో మాత్రం ఎప్పుడూ: ఒక బ్లాకు.
ఏ చుక్క దగ్గర నా అంకె అబద్ధమైందో
ఆరేళ్ళుగా ఏ యజమానీ అడగలేదు.

అబద్ధమంటే గుర్తొచ్చింది,
ఎదురు గోడ మీద రెండడుగుల అక్షరాల్లో
‘ఈ గోడపై ఏమీ రాయరాదు’.
రాసినవాడు ఆజ్ఞ పాటించాడా, మీరాడా?
వారం రోజులు టీ తాగుతూ ఆ గోడనే చూశాను.
ఎనిమిదో రోజు ఎవడో దాని కింద బొగ్గుతో
‘సరే’ అని రాసిపెట్టాడు.
అంతకు మించిన భాష్యం నాకింకా దొరకలేదు.

తరవాత ఓడ.
పాతబడిన పలకనల్లా తీసి కొత్తది వేస్తూ పోతే
చివరికి మిగిలేది ఆ ఓడేనా?
ఆ పేజీ దగ్గర తలెత్తితే కిటికీలో
తెడ్డు పరసన్న పడవ,
పక్కటెముకలన్నీ బయటపెట్టుకుని.
వడ్రంగి పలకల సందుల్లో దూది కూరుతున్నాడు.

జవాబుల పేజీ ముందే తిప్పేసే పిల్లలా
దిగి వెళ్ళి అడిగాను:
“పరసన్న మావా, ఇది పాత బోటా, కొత్తదా?”

వేళ్ళ మీద లెక్కపెట్టాడు.
“అడుగు పలకలు తుపానేడు మార్సినాను.
ఇంజను రెండుసార్లు. ఎనక దూలం నిరుడు.
పాత మేకు ఒక్కటీ నేదు.”
“అయితే ఆ బోటేనా మరి?”
“ఆ బోటే! అప్పు ఆ బోటుదే కదమ్మా!”
పళ్ళ మధ్య మేకులతోనే నవ్వాడు.

పండితులు వెతికిన ఆ మారని సారం
సొసైటీ పాసుబుక్కులో ఉంది, వడ్డీతో సహా.

ఆదివారం క్లాసులో ఇది చెప్తే
హైమవతి మేడమ్ పగలబడి నవ్వి,
కళ్ళజోడు తుడుచుకుని,
“మరి తీసేసిన పలకలేవీ?” అంది.
అవన్నీ కూర్చి ఎవరైనా మళ్ళీ ఓడ కడితే
ఏది అసలుది?
ప్రశ్నలో రెండో భాగం.
పరీక్షలో అందరూ వదిలేసేది.

పలకలేవో నాకు తెలుసు.
రోజూ వాటి మీదే కూచుంటున్నాను.
ఎర్నమ్మ టీ బడ్డీ ముందు బెంచీ,
నీలం రంగు పెచ్చులు లేచి
వానొస్తే ఇప్పటికీ ఉప్పు చెమర్చే బెంచీ.
అంచున మేకుతో గీకిన అక్షరాలు: ‘అప్పల’.
తరవాత కొయ్య విరిగింది.

పరసన్న ప్రతి ఉదయం అక్కడికే వస్తాడు.
అల్లం టీ, రెండు బిస్కెట్లు.
బెంచీ ఎంత ఖాళీగా ఉన్నా కూచోడు.
రేవు వైపు తిరిగి నిలబడే తాగుతాడు.
నడుం పట్టేసి వంగలేడేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ.

“ఎవరీ అప్పల?” అని అడిగితే
ఎర్నమ్మ గ్లాసులు కడుగుతూ
“అప్పలకొండ. పరసన్న తమ్ముడు. ఆ బోటు మీంచే...”
అని ఆగి,
పాలు పొంగుతున్నాయని లోపలికెళ్ళింది.
పొయ్యి మీద పాలు లేవు.

పరీక్షలో ఓడ వచ్చింది.
అయిదు మార్కులు. పది పంక్తులు మించరాదు.
పదార్థం, ఆకారం, కొనసాగింపు
మేడమ్ చెప్పిన వరసలోనే తొమ్మిది పంక్తులు రాశాను.
పదోది ‘నిలబడి టీ తాగే మనిషిని అడగాలి’ అని రాసి
మార్కులు పోతాయని కొట్టేశాను.

మర్నాడు బెంచీ ఖాళీగానే ఉంది.
నేనూ నిలబడే తాగాను.
పరసన్న నన్ను చూశాడు, ఏమీ అనలేదు,
తన రెండో బిస్కెట్టు నాకిచ్చాడు.

నిషేధం తీరింది.
కొత్త రంగు, పాత నంబరు, రాత్రికి వేట.
రిజిస్టర్ తెరిచి రాసుకున్నాను:
తెడ్డు పరసన్న, ఇరవై బ్లాకులు.
కారుకుంటూ వెళ్ళాయి జెట్టీ దాకా.